కళ్లకు కనిపించేది నిన్నటి సంగతి!

విజయవాడ వైపు వెళ్లే రైల్లో ఎప్పుడైనా డోర్నకల్ జంక్షన్ దాటారా? స్టేషన్ ఇంకో కిలోమీటరు ఉందనగా బండి ఆగిపోతుంది. కిటికీలోంచి చూస్తే మిరప చేలు, ఓ వేప చెట్టు, నాలుగు మేకలు. బోగీలో చర్చ మొదలవుతుంది. ‘ఇంజన్ ఫెయిలయిందేమో’ అంటారొకరు. ‘సిగ్నల్ ఇయ్యలేదు’ అంటారింకొకరు. పావుగంటకు మణుగూరు, కొత్తగూడెం వైపు నుంచి వచ్చిన బొగ్గు గూడ్సు మెయిన్ లైనెక్కి వెళ్లిపోతుంది. మన బండి కదులుతుంది. అసలు సంగతి అప్పటికిగానీ అర్థం కాదు.

ఆ పావుగంటలో రెండు విషయాలున్నాయి. బండి ఆగడానికి కారణం మనకు కనపడని చోట ఉంది. ఆ కారణం పుట్టిన సమయానికీ, మనకు తెలిసిన సమయానికీ మధ్య ఆలస్యం ఉంది. సైన్సులో మొదటిదాన్ని హిడెన్ స్టేట్ అంటారు. మనం దాగిన స్థితి అనుకుందాం. రెండోది డిలే, అంటే జాప్యం. ఇంటర్ నుంచీ ఫిజిక్స్ ఒక పుస్తకంలో, బయాలజీ ఇంకో పుస్తకంలో, ఎకనామిక్స్ మరో గ్రూపులో చదువుతాం కాబట్టి ఇవన్నీ వేర్వేరు లోకాలనుకుంటాం. సిగ్నల్ ఇంజినీరు, జ్వరం చూసే డాక్టరు, పురుగుల శాస్త్రవేత్త, మన మాటను అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్ రాసేవాడు... వీళ్లందరూ కుస్తీ పడుతున్నది ఈ రెండింటితోనే. రిజల్ట్ పేజీని పొద్దున్నుంచి రిఫ్రెష్ కొడుతున్న అభ్యర్థి తంటా కూడా ఇదే.

తెలియకపోతే ఎరుపే

డోర్నకల్ జంక్షన్ అయింది బొగ్గు వల్ల. 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు ఉందని గుర్తించారు. 1889లో తవ్వకం మొదలైంది. సికింద్రాబాద్ నుంచి బెజవాడ దాకా లైను వేసిన నిజాం రైల్వే, ఇక్కడి నుంచి గనుల వైపు ఒక శాఖ తీసింది. అప్పటి నుంచీ రెండు వైపుల బండ్లు కలిసే చోటు ఇది. ఏ ముక్కలో బండి ఉంది, ఏ ముక్క ఖాళీ అనేది ఇక్కడ ప్రాణాల మీది ప్రశ్న.

స్టేషన్‌లో కూర్చున్న మనిషికి రెండు కిలోమీటర్ల అవతలి పట్టా కనపడదు. మరి ఎలా తెలుస్తుంది? పట్టాల్లోకి కొద్దిపాటి కరెంటు పంపుతారు. అది ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లి ఒక రిలేను పట్టి ఉంచుతుంది. బండి చక్రాలు ఆ ముక్కలోకి రాగానే ఇరుసు గుండా కరెంటు రెండు పట్టాల మధ్యే అడ్డదారి పడుతుంది. రిలే వదిలేస్తుంది, సిగ్నల్ ఎర్రబడుతుంది. దీన్ని ట్రాక్ సర్క్యూట్ అంటారు. అమెరికాలో విలియం రాబిన్సన్ 1872లో కనిపెట్టారు.

ఇందులోని తెలివి చూడండి. బండి ఉంటే ఎరుపు, సరే. వైరు తెగినా ఎరుపే. కరెంటు పోయినా ఎరుపే. పట్టా విరిగి సర్క్యూట్ తెగినా ఎరుపే. అంటే ఎర్ర దీపం ‘ముందు బండి ఉంది’ అని చెప్పడం లేదు. ‘ఖాళీగా ఉందని రుజువు లేదు’ అంటోంది. ఈ రెండు మాటలకూ చాలా తేడా ఉంది. కబురు అందకపోవడాన్ని ‘అంతా బాగానే ఉంది’ అని చదవకూడదన్న సూత్రాన్ని ఇనుములోనే పోతపోశారన్నమాట. ఇప్పుడు చాలాచోట్ల వాడుతున్న యాక్సిల్ కౌంటర్ కూడా ఇంతే. లోపలికి వెళ్లిన ఇరుసులు ఎన్ని, బయటికి వచ్చినవి ఎన్ని అని లెక్కపెట్టి, రెండూ సమానమైతేనే ఖాళీ అంటుంది. మధ్యలో లెక్క తప్పితే సున్నా అని తనంతట తాను ఊహించుకోదు. మనుషులు సరిచూసి రీసెట్ చేయాల్సిందే.

ఇక జాప్యం. గంటకు 130 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 36 మీటర్లు. ఎర్ర దీపం కంటపడ్డాక బ్రేకు వేస్తే ఆ బండి దీపం దగ్గర ఆగదు. దాన్ని దాటి చాలా దూరం పోతుంది. అందుకే ఎరుపు కంటే ముందు పసుపు, దానికి ముందు జంట పసుపు పెట్టారు. గూడ్సు బండికి ఇంకో తిప్పలుంది. బ్రేకు పైపులో గాలి ఒత్తిడి తగ్గిన కబురు ఇంజన్ నుంచి చివరి వ్యాగన్ దాకా పాకడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ముందు వ్యాగన్లు ఆగడానికి చూస్తుంటే వెనకవి ఇంకా తోస్తుంటాయి. లోకో పైలట్ నేర్చుకునేది బ్రేకు వేయడం ఒక్కటే కాదు, ఆ కొన్ని సెకన్లను ముందే లెక్కలోకి తీసుకోవడం.

కొత్తగా వస్తున్న ‘కవచ్’ కథా ఇదే. దక్షిణ మధ్య రైల్వేలోనే దీన్ని మొదట పరీక్షించి, 1,465 కిలోమీటర్ల మేర అమర్చారు. పట్టాల మధ్య అక్కడక్కడా ఆర్ఎఫ్ఐడీ ట్యాగులుంటాయి. ట్యాగు మీదుగా వెళ్లినప్పుడు ఇంజన్‌కు తానెక్కడుందో కచ్చితంగా తెలుస్తుంది. రెండు ట్యాగుల మధ్య? చక్రం ఎన్ని తిరుగుళ్లు తిరిగిందో చూసి అంచనా వేసుకోవాలి. చక్రం జారితే ఆ అంచనాలో తప్పు పెరుగుతుంది. తర్వాతి ట్యాగు రాగానే దిద్దుకుంటుంది. అంచనా, కొలత, దిద్దుబాటు అనే ఈ పనికి 1960లో రుడాల్ఫ్ కాల్మన్ గణిత రూపం ఇచ్చారు. చంద్రుడి మీదికి వెళ్లిన అపోలో నౌక దారి తెలుసుకున్నది ఆ పద్ధతితోనే. కాల్మన్ ఫిల్టర్ పేరు వినగానే ఈసీఈ, ఈఈఈ వాళ్లు భయపడతారు. మూడు ముక్కల్లో చెప్పాలంటే అందులో ఉన్నది ఇంతే.

మిరప చేలో ఓడిపోయిన లెక్క

ఈ ప్రాంతపు పిల్లలకు పాఠం చెప్పాలంటే రైలు కంటే మిరప తోటే దగ్గర. 2021-22 సీజన్ గుర్తుందా? మహబూబాబాద్, ఖమ్మం, వరంగల్ జిల్లాల్లో తోటలు పూత మీద ఉండగా నల్ల తామర పురుగు పడింది. శాస్త్రవేత్తలు దీన్ని థ్రిప్స్ పార్విస్పైనస్ అంటారు. మన దేశంలో 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద మొదట కనిపించింది. ఆరేళ్ల తర్వాత మిరప మీద విరుచుకుపడింది. పూలు రాలిపోయాయి, కాయలు వంకర్లు పోయాయి. రైతులు మందు మీద మందు కొట్టారు. కొట్టిన కొద్దీ అప్పు పెరిగింది. పురుగు మాత్రం తగ్గలేదు.

ఎందుకు తగ్గలేదో చూద్దాం. పువ్వును దులిపితే అరచేతిలో రాలే నల్లని నలుసులు పెద్ద పురుగులు. అవి గుడ్లు పెట్టేది ఆకు లోపలి కండలో, పైకి కనపడవు. గుడ్డులోంచి వచ్చిన పిల్లలు రసం పీల్చి పెరిగి, ఎక్కువ భాగం నేలలోకి దిగి కోశ దశ గడుపుతాయి. అక్కడి నుంచి రెక్కలతో పైకొస్తాయి. వెచ్చటి వాతావరణంలో ఈ చక్రమంతా రెండు వారాలు అటూ ఇటూగా తిరుగుతుంది. అంటే ఏ రోజు చూసినా తోటలో ఉన్న పురుగు సంఖ్యలో మనకు కనపడేది ఒక భాగమే. మిగతాది ఆకులో, మట్టిలో ఉంది.

సోమవారం మందు కొట్టాం అనుకుందాం. పూలలోని పెద్ద పురుగులు చచ్చాయి. మంగళవారం చూస్తే పూలు శుభ్రంగా ఉన్నాయి. ‘మందు పనిచేసింది’ అనుకున్నాం. శనివారానికి మట్టిలో ఉన్నవి లేచి వచ్చాయి. ‘మందు పనిచేయలేదు’ అని దుకాణానికి వెళ్లి ఇంకో మందు, దాంట్లో మరోటి కలిపి తెచ్చాం. ఈ రెండు నిర్ణయాలూ తప్పే! మంగళవారం చూసింది దాగిన స్థితి కాదు, శనివారం చూసింది కొత్త దాడి కాదు. పోయిన వారం మట్టిలోకి దిగినవే ఈ వారం బయటపడ్డాయి. పైగా ఈ పురుగును తినే మిత్ర కీటకాలు కూడా ఆ మందులకే పోయాయి. శాస్త్రవేత్తలు చేలో నీలి జిగురు అట్టలు పెట్టమన్నది కొంత పట్టుకోవడానికి, మరికొంత లెక్కపెట్టడానికి. అట్టకు రోజురోజుకూ ఎన్ని అంటుకుంటున్నాయో రాసుకుంటే, ఏ రోజు కొత్త తరం పైకి లేస్తోందో తెలుస్తుంది. మన ఇళ్లలో మందు సీసాల బిల్లులు దొరుకుతాయి గానీ, అట్ట మీద లెక్క రాసిన కాగితం ఎంతమంది దగ్గర ఉంటుంది? బీఎస్సీ అగ్రికల్చర్ చదివిన పిల్లలకు పనికొచ్చే ఖాళీ అక్కడే ఉందని నాకనిపిస్తుంది.

మిరపకే వచ్చే కాయకుళ్లు ఇంకా గుట్టుగా ఉంటుంది. శిలీంద్రం పచ్చికాయలోనే చేరి నిద్రపోతుంది. కాయ పండి ఎర్రబడ్డాక మచ్చలు బయటపడతాయి. కోసిన రోజు మంచి సరుకు, కల్లంలో ఆరేసరికి తాలు.

రాత్రి పూట గుచ్చే సూది

వైద్యంలో ఈ సంగతి మొదటి నుంచీ ఉంది. దాని పెద్ద మలుపు మన గడ్డ మీదే జరిగింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశారు. దోమ మలేరియా మనిషిని కుట్టిన వెంటనే ఇంకొకరికి అంటించలేదు. దాని ఒంట్లో ఆ క్రిమి ఎదగడానికి పది, పన్నెండు రోజులు కావాలి. మనిషిలో చేరాక జ్వరం రావడానికి మళ్లీ అంత సమయం. అందుకే ఒక ఊళ్లో ఈ రోజు జ్వరాలు లేచాయంటే, అంటించిన దోమలు పుట్టిన గుంత మూడు, నాలుగు వారాల కిందటిది. ఈ రోజు ఫాగింగ్ చేస్తే దాని ఫలితం రేపు కనపడదు.

వైవాక్స్ రకం మలేరియా ఇంకో అడుగు ముందుకేసి కాలేయంలో నిద్రపోయే రూపంలో నెలల తరబడి దాక్కుంటుంది. రక్త పరీక్షలో ఏమీ ఉండదు, తర్వాత మళ్లీ జ్వరం. డాక్టర్లు ప్రైమాక్విన్ మాత్రలు 14 రోజులు వాడమనేది ఆ నిద్రపోయేవాటి కోసమే. జ్వరం తగ్గిందని నాలుగో రోజు మానేస్తే మనం ఆపింది జ్వరాన్ని మాత్రమే. బోదకాలు క్రిములది మరో తరహా. అవి పగలు లోపలి రక్తనాళాల్లో దాక్కుని, రాత్రి దోమలు కుట్టే వేళకు పైకొస్తాయి. అందుకే సర్వే బృందాలు రాత్రి పూట ఇళ్లకు వచ్చి వేలు గుచ్చేవి. పగలు తీసిన రక్తంలో ‘లేదు’ అని వస్తే ఆ ‘లేదు’కు విలువ లేదు. ఆ జబ్బుకు వాడే డీఈసీ మందు యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో నడిపిన పరిశోధన నుంచి వచ్చింది.

బొగ్గు గనుల వాళ్లు కూడా ‘పొదిగే కాలం’ అనే మాట వాడతారంటే ఆశ్చర్యంగా ఉంటుంది. బొగ్గు తీసేశాక మూసేసిన ఖాళీలో మిగిలిన పొడి, ముక్కలు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మెల్లగా వేడెక్కుతాయి. మంట కనపడటానికి నెలలు పట్టొచ్చు. లోపలికి వెళ్లి చూసే వీలు లేదు. అందుకని బయటికి వచ్చే గాలిని పరీక్షిస్తారు. తగ్గిపోయిన ఆక్సిజన్‌తో పోలిస్తే కార్బన్ మోనాక్సైడ్ ఎంత తయారైందో చూసే గ్రాహం నిష్పత్తి అనే లెక్క ఒకటుంది. అది వారం వారం పెరుగుతోందంటే, గోడ అవతల బొగ్గు కాగుతోందని అర్థం.

కాటూరు కుర్రాడు, హడగళి కుర్రాడు

దాగిన స్థితిని కంప్యూటర్‌తో పట్టే విద్యలో మనవాళ్ల పేర్లు రెండు చెప్పుకోవాలి. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్‌రెడ్డి, 1994లో కంప్యూటర్ రంగపు అత్యున్నత బహుమతి ట్యూరింగ్ అవార్డును ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి అందుకున్నారు. బాసర, నూజివీడు ట్రిపుల్ ఐటీల వాళ్లకు ఆయన తమ ఆర్జీయూకేటీ తొలి చాన్స్‌లర్‌గా తెలుసు. ఆయన జీవితమంతా మాటను కంప్యూటర్‌కు అర్థం చేయించడం మీద పనిచేశారు. కార్నెగీ మెలన్‌లో ఆయన దగ్గర చదివిన జేమ్స్ బేకర్ 1975లో డ్రాగన్ అనే వ్యవస్థ కట్టారు. అందులో వాడింది హిడెన్ మార్కోవ్ మోడల్. మైకులో పడేది గాలి కదలిక మాత్రమే. మనిషి మనసులో ఉన్న మాట దాగిన స్థితి. ఒక శబ్దం తర్వాత ఏ శబ్దం వచ్చే అవకాశం ఎంత, ఒక్కో శబ్దం మైకులో ఎలా వినపడుతుంది అన్న రెండు పట్టికలుంటే చాలు. వినపడినదాని నుంచి అన్నదాన్ని వెనక్కి లెక్కగట్టొచ్చు. తర్వాత చాలా ఏళ్లు ప్రపంచమంతా మాటను గుర్తించే పని ఈ పద్ధతి మీదే నడిచింది.

రెండోవారు సి.ఆర్.రావు. 1920లో కర్ణాటకలోని హూవిన హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎమ్మే మ్యాథ్స్ చేశారు. ఆ తర్వాతి కథ మీలో చాలామందికి సొంత కథలా ఉంటుంది. సైన్యంలో గణితం తెలిసినవాళ్ల ఉద్యోగానికి కలకత్తా వెళ్లారు. వయసు చాలదని ఇవ్వలేదు. అక్కడ బస చేసిన చోట, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణకు వచ్చిన ఒకాయన పరిచయమయ్యారు. అలా ఆ సంస్థ గడప తొక్కి, 1941 జనవరిలో చేరిపోయారు. కొన్నేళ్లకు ఆయన పాఠం చెబుతుంటే ఒక విద్యార్థి, ‘ఇది పెద్ద శాంపిల్‌కు సరే, చిన్న శాంపిల్‌కు కూడా ఇలాంటి ఫలితం ఉందా?’ అని అడిగారు. ఆ ప్రశ్న పట్టుకుని రావు సాధించినదే 1945లో అచ్చయిన వ్యాసంలోని ప్రసిద్ధ ఫలితం. హెరాల్డ్ క్రామర్ కూడా విడిగా సాధించారు కాబట్టి క్రామర్-రావు హద్దు అంటారు. స్థూలంగా చెప్పాలంటే, మీ దగ్గరున్న డేటాతో ఒక దాగిన విలువను ఎంత కచ్చితంగా అంచనా వేయగలరో దానికొక గట్టి హద్దు ఉంది. నిష్పక్షపాతమైన ఏ పద్ధతీ దాన్ని దాటలేదు.

దీన్ని మీ మాక్ టెస్టుల మీద పెట్టి చూద్దాం. మీ అసలు సత్తా అనేది దాగిన స్థితి. ఒక్కో మాక్‌లో వచ్చే మార్కు దాని చుట్టూ ఎనిమిది మార్కులు అటూ ఇటూ ఊగుతుందనుకుందాం. నాలుగు మాక్‌ల సగటు తీసుకుంటే ఆ ఊగిసలాట నాలుగుకు తగ్గుతుంది. రెండుకు తగ్గాలంటే 16 మాక్‌లు రాయాలి. అంటే తప్పు సగానికి తగ్గాలంటే నాలుగు రెట్లు డేటా కావాలి. నిన్నటి టెస్టులో ఆరు మార్కులు తగ్గాయని రాత్రికి రాత్రి పుస్తకం మార్చేవాళ్లు, కోచింగ్ మార్చేవాళ్లు మిరప చేలో మందు మార్చినవాళ్లకు చుట్టాలే. రైల్వే పరీక్షల్లో అందరూ తిట్టుకునే నార్మలైజేషన్ కూడా ఇలాంటి అంచనానే. ఏ షిఫ్టు పేపరు ఎంత కష్టమో నేరుగా కొలిచే తక్కెడ లేదు. ఆ షిఫ్టులో రాసినవాళ్ల మార్కుల నుంచి వెనక్కి లెక్కగడతారు.

‘మేమే కాల్ చేస్తాం’

ఇంటర్వ్యూ అయ్యాక ఈ మాట వినని వారుండరు. ఫోన్ రాదు. ఆ మౌనాన్ని ఎలా చదవాలి?

ఒక ఊహా లెక్క వేద్దాం. మీలాంటి వంద మంది ఇంటర్వ్యూ ఇచ్చారు. అందులో 50 మందిని తీసుకున్నారు, 50 మందిని వద్దనుకున్నారు. వద్దనుకున్న వాళ్లకు ఎప్పటికీ కబురు రాదు. తీసుకున్న 50 మందిలో 30 మందికి మొదటి వారంలోనే ఫోన్ వస్తుంది. ఇప్పుడు వారం గడిచింది, మీకు రాలేదు. రానివాళ్లు మొత్తం 70 మంది. వాళ్లలో తీసుకున్నవాళ్లు 20 మంది. మీ అవకాశం 50 శాతం నుంచి 29 శాతం దగ్గరికి వచ్చింది. రెండో వారంలో ఇంకో 12 మందికి ఫోన్ వచ్చిందనుకుంటే, మిగిలిన 58 మందిలో తీసుకున్నవాళ్లు ఎనిమిది మందే, అంటే 14 శాతం. మౌనం ‘కాదు’ అని చెప్పలేదు, ‘అవును’ అనీ చెప్పలేదు. రోజురోజుకూ తక్కెడను కొద్దికొద్దిగా వంచుతోంది. ఇంటర్‌లో బట్టీపట్టిన బేయీస్ సిద్ధాంతం ఇదే. మూడో రోజునే ఆశ వదిలేసుకోవడం తొందర. నెల దాటినా ఇంకెక్కడా అప్లై చేయకుండా కూర్చోవడం ఎర్ర సిగ్నల్‌ను పచ్చగా చూడటం.

నిరుటి రేటు, నాలుగేళ్ల కిందటి ప్యాకేజీ

నా దృష్టిలో ఈ మొత్తం విషయంలో మీకు అన్నిటికంటే ఖరీదైన జాప్యం ఇది. నిరుడు మిర్చి రేటు బాగుంటే ఈ ఏడు అందరూ మిర్చే వేస్తారు. నారు పోసి, నాటి, పండు కోసి ఎనుమాముల మార్కెట్‌కు తెచ్చేసరికి ఏడాది తిరుగుతుంది. అందరి సరుకూ ఒకేసారి వస్తుంది, రేటు పడుతుంది. మరుసటి ఏడు మానేస్తారు, రేటు లేస్తుంది. తామర పురుగు దెబ్బకు దిగుబడి పడిపోయాక రేటు బాగా పలికింది. 2025 మొదట్లో ధరలు ఎంత పడ్డాయంటే, ఆంధ్రప్రదేశ్ మిర్చికి కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలుగా మార్కెట్ జోక్యం ధర ప్రకటించాల్సి వచ్చింది. గ్రాఫ్ గీస్తే గీతలు సాలెగూడులా చుట్లు తిరుగుతాయి కాబట్టి 1934లో ఆర్థికవేత్త నికోలస్ కాల్డర్ దీన్ని సాలెగూడు సిద్ధాంతం అన్నారు.

దీన్ని ఇంజినీర్లకు వర్తింపజేసినవారు హార్వర్డ్ ఆర్థికవేత్త రిచర్డ్ ఫ్రీమన్. 1976లో రాసిన వ్యాసంలో, అమెరికాలో కొత్త ఇంజినీర్ల సరఫరా, జీతాలు సాలెగూడు తీరులోనే ఊగుతున్నాయని చూపారు. కారణం సులువే. పదిహేడేళ్ల పిల్లలు ఈ రోజు ప్యాకేజీ చూసి బ్రాంచి ఎంచుకుంటారు. పట్టా చేతికొచ్చేది నాలుగేళ్లకు. అదే రోజు చూసి అదే బ్రాంచి ఎంచుకున్న వాళ్లందరూ అదే నాలుగేళ్లకు బయటికొస్తారు. మన కౌన్సెలింగ్‌లో సీఎస్ఈ, దాని పక్కన ఏఐ, డేటా సైన్స్ సీట్లకు ఎగబడటం, సివిల్, మెకానికల్ సీట్లు మిగిలిపోవడం మీరు చూస్తున్నదే.

1989లో జాన్ స్టెర్మన్ సరుకు ఆర్డర్ల ఆట ఒకటి ఆడించి మనుషుల అలవాటు పరిశీలించారు. గోదాములో ఉన్న సరుకును అందరూ చూస్తారు. ఆర్డరిచ్చి దారిలో ఉన్నదాన్ని మర్చిపోయి మళ్లీ ఆర్డరిస్తారు. చివరికి గుట్టలు పడతాయి. కాబట్టి ఒక కోర్సు ఎంచుకునేటప్పుడు ఈ ఏడాది ప్లేస్‌మెంట్ల బ్రోచర్ కాకుండా, మీకు ముందున్న మూడు బ్యాచ్‌లలో ఎంతమంది ఉన్నారో అడగండి. ఆ అంకె దాచిపెట్టిందేమీ కాదు, ప్రతి కాలేజీలో సీట్ల సంఖ్య బోర్డు మీదే ఉంటుంది. చూడం, అంతే.

ప్రభుత్వ ఉద్యోగాల్లో జాప్యం వేరే రకం. 2019 ఫిబ్రవరి చివర రైల్వే ఎన్టీపీసీ ప్రకటన వచ్చింది. 35 వేలకు పైగా పోస్టులు. మొదటి దశ పరీక్ష మొదలైంది 2020 డిసెంబరు 28న. ఆ ఫలితాలు 2022 జనవరిలో. మన గ్రూప్-1 ప్రకటన 2022 ఏప్రిల్‌లో వస్తే, ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయి, 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో మళ్లీ ప్రకటన వచ్చింది. ఆ ఏళ్లలో డోర్నకల్ లాంటి ఊళ్లలో ఎన్ని ఇళ్లు హైదరాబాద్ హాస్టల్ ఫీజు కట్టాయో ఎవరూ లెక్క రాయలేదు. జాప్యం ఎంతో మన చేతిలో లేదు. అది ఏడాది కాక మూడేళ్లయితే ఏం చేస్తామన్నది మాత్రం మొదటి రోజే కాగితం మీద వేసుకోవచ్చు. లోకో పైలట్ జంట పసుపు దగ్గరే వేగం సంగతి ఆలోచించినట్టు.

ఈ విద్యకు ఉద్యోగాలెక్కడ?

కనపడనిదాన్ని అంచనా వేయడం వచ్చిన వాళ్లకు దారులు బాగానే ఉన్నాయి. డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా ఉంటే యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ పరీక్ష రాయొచ్చు. వయసు 21 నుంచి 30 ఏళ్లు, ఇటీవలి సంవత్సరాల్లో పరీక్ష జూన్‌లో జరుగుతోంది. గ్రూప్స్‌తో పోలిస్తే పోటీపడేవాళ్లు చాలా తక్కువ, మన దగ్గర దీని పేరే చాలామందికి తెలియదు. ఎస్సెస్సీ సీజీఎల్‌లోని జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్ పోస్టుకు డిగ్రీలో స్టాటిస్టిక్స్ గానీ, ఇంటర్ మ్యాథ్స్‌లో 60 శాతం గానీ ఉంటే చాలు. పీజీ చేయాలనుకుంటే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఎంస్టాట్ ప్రవేశ పరీక్ష ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలో సి.ఆర్.రావు పేరుతోనే గణిత, గణాంక శాస్త్రాల సంస్థ ఉంది. మైనింగ్ అయితే కొత్తగూడెం కాలేజీ పక్కనే ఉంది, ఇప్పుడది భూ విజ్ఞాన విశ్వవిద్యాలయమైంది. పురుగుల లెక్క మీద మనసుంటే జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఎంటమాలజీలో పీజీ చేయొచ్చు.

రైలు మీద మమకారం ఉన్నవాళ్లకు సిగ్నల్ విభాగం. ఆర్ఆర్‌బీ టెక్నీషియన్ గ్రేడ్-1 సిగ్నల్ పోస్టులకు బీఎస్సీ ఫిజిక్స్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్స్ చేసినవాళ్లు, డిప్లొమా, బీటెక్ వాళ్లు పోటీపడొచ్చు. జేఈ పోస్టులకు డిప్లొమా, బీటెక్ ఉండాలి. దేశం మొత్తం మీద సిగ్నల్ ఇంజినీర్లకు, సూపర్‌వైజర్లకు పాఠాలు చెప్పే ఇరిసెట్ 1957 నుంచీ సికింద్రాబాద్‌లోనే ఉంది. అక్కడి వాళ్లు మొదటి వారంలోనే నేర్చుకునే సంగతుల్లో ఒకటి మీకిప్పటికే తెలుసు, వైరు తెగితే దీపం ఏ రంగులోకి మారుతుందో.